కొర్లమ్మ సీటు

మన ఊరి నుంచి సంతకి ఎల్లే రోడ్డులో కల్వర్టు దాటగానే ఎడంపక్క ఓ చింతచెట్టు ఉంటాది చూసేరా, బుట్టచింత అంటారు దాన్ని, దాని కాయ ఎవులూ కోయరు, రాలిన కాయ ఎవులూ ఏరరు, మిట్టమధ్యాహ్నం ఎంత ఎండ కాసినా దాని నీడన మేక కూడా పడుకోదు. ఎందుకో తెలుసా? తెలీదు. తెలీకపోయినా ఆటో తోలే మన కన్నయ్య కొడుకు కూడా అక్కడికి రాగానే ఓసారి హారను కొడతాడు. ఎందుకురా కొడతన్నావు అనడిగితే, మా నాన్న కొట్టేవోడు నానూ కొడతన్నాను అంటాడు. సరే, కరెంటు ఎలాగూ లేదు, దగ్గరికి జరగండి, చెప్తాను. ఒలే సుందరీ, ఆ పిల్లని ఒళ్లో పెట్టుకో, నడుమన జడిసి ఏడిచిందంటే నా కథ పాడవుతాది.

అప్పట్లో ఈ రోడ్డు మీద ఒకటే బస్సు. బొగ్గు బస్సు. నవ్వకండి, పెట్రోలు దొరక్క బొగ్గుల పొగతో నడిచేవి బస్సులు ఆ రోజుల్లో. ముందర పొడుగ్గా ముక్కు, ఆ ముక్కులో ఇనప హ్యాండిలు దూర్చి గిర్రున తిప్పితే గానీ ఇంజను లేవదు, ఆ హ్యాండిలు ఒక్కోసారి ఎదురు తిరిగి కొట్టిందంటే మణికట్టు పోయినట్టే. డ్రైవరు చేతి కాడ కొబ్బరికాయంత రబ్బరు హారను, నొక్కితే బాతు అరిచినట్టు అరిచేది. ఎనకాల పెద్ద డ్రమ్ము, దాన్నిండా బొగ్గులు, ఆ డ్రమ్ము సెగకి బస్సు ఎనక గోడ అట్ల పెనంలా కాలిపోయేది. మరి ఆ గోడ కాడ ఎవుల్ని నిలబెట్టేవోరు? ఇంకెవుల్ని, మమ్మల్నే. చేపల బుట్టలోళ్లం కదా. అందరితో పాటు టిక్కెట్టు కొంటాము, అందరికీ బల్లలుంటాయి, మాకు మాత్రం గోడ. వాసనంట. మరి మా చేపలు కూరొండుకుని తిన్నప్పుడు రాదేటి వాసన?

ఆ బస్సు సోంబాబు గారిది. డ్రైవరు పక్కన ముందు సీటు ఒకటుండేది, దానికి మెత్త, మెత్త మీద ఎర్ర గుడ్డ, అది ఆయన గారి సీటు. ఆయన రాని రోజున కూడా అది ఖాళీగానే ఊరేగేది తప్ప ఇంకో మనిషి దాని మీద కూకోకూడదు. డ్రైవరు గౌరినాయుడు మంచోడే, కానీ నోరు లేనోడు, బాబు గారు ఎలాగంటే అలాగ.

మా ఈదిలో కొర్లమ్మప్ప అని ఉండేది. ఎంత మనిషనుకున్నారు, బుట్ట నెత్తినెట్టుకుని నడిచొస్తంటే దారిలో ఎద్దుబండి పక్కకి తప్పుకునేది. ఓ సంతరోజు ఆవిడకి జొరం. ఒళ్లు కాలిపోతంది, మానీవే అప్పా అంటే, మానీస్తే బుట్టలో చేపలు నా కోసం ఆగుతాయా అని బయల్దేరిపోనాది. బస్సెక్కింది, ఎనక గోడ సెగకి కళ్లు తిరిగాయి, చూస్తే ముందు సీటు ఖాళీ. మరింక ఏటీ ఆలోచించలేదు, బుట్ట ఒళ్లో పెట్టుకుని ఎల్లి ఎర్ర గుడ్డ మీద కూకుంది. గౌరినాయుడు చూసి, అమ్మా అమ్మా అన్నాడు, అంతకంటే ఆడి నోరు పెగల్లేదు.

తరవాత ఊర్లో సోంబాబు గారు ఎక్కారు. ఎక్కి, లెగు అన్నాడు. ఆవిడ లెగలేదు. టిక్కెట్టు కొన్నాను బాబూ, జొరంగా ఉంది, సంత దాకా కూకుంటాను అంది. ఆయన చెయ్యి ఊపాడు, బస్సు ఆగింది, సరిగ్గా ఆ చింతచెట్టు కాడ. ముందు బుట్ట గిరాటెట్టించాడు, తరవాత మనిషిని దింపించాడు. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం, తారులో పాదం దిగిపోతంది. ఆవిడ కింద పడిన చేపల మధ్యన నిలబడి ఏడవలేదు, మొక్కలేదు. ఆ సీటు నాది, నాను జరగను, నన్నెవుడు జరుపుతాడో చూస్తాను అంది. అందరం ఇన్నాము. బస్సు ఎల్లిపోనాది.

సాయంత్రం తిరిగొచ్చేసరికి చెట్టు మొదట్లో ఆనుకుని కూకునుంది, బుట్ట ఒళ్లో ఉంది. ప్రాణం మాత్రం లేదు.

తరవాత సంతరోజు ఏటయిందో ఇనండి. సోంబాబు గారు ఎర్ర గుడ్డ మీద కూకున్నారు, కల్వర్టు దాటింది, చెట్టు కాడికి రాగానే బస్సు దగ్గింది, ఇంకోసారి దగ్గింది, ఆగిపోనాది. గౌరినాయుడు దిగి హ్యాండిలు తిప్పాడు, తిప్పాడు, చెమటతో చొక్కా పిండుకున్నాడు, అబ్బే. ఇంతలో ఆ మెత్తలోంచి వాసన లేచింది. ఎలాటి వాసనంటే, రెండ్రోజులు ఎండలో మరిచిపోయిన బుట్ట మూత తీస్తే ఎలాగుంటాది, అలాగ. సోంబాబు గారు ముక్కు మూసుకుని కిందకి దిగి కక్కుకున్నారు. ఆయన దిగడమే, హ్యాండిలు సగం తిప్పితే ఇంజను లేచి కూకుంది. హమ్మయ్య అని ఆయన ఎక్కారు, ఆగింది. దిగారు, లేచింది. ఇంకేటి చేస్తారు, బస్సు ముందు నడుస్తంటే బాబు గారు ఎనకాల ఆ బొగ్గు పొగలో నడుచుకుంటా ఎల్లారు. ఎనక గోడ కాడ నిలబడ్డ మేము నవ్వు ఆపుకోలేక చీర కొంగులు నోట్లో కుక్కుకున్నాము.

ఊరుకుంటాడా? మంత్రగాణ్ణి తెచ్చాడు. ఆడు ముందు సీట్లో కూకుని ఏప మండ ఊపుకుంటా బయల్దేరి, చెట్టు కాడ దిగిపోయి, నాకు పనుంది బాబూ అని అడ్డదారిన పారిపోనాడు. సరే, సీటే లేకపోతే ఏటి చేస్తాదని సీటు ఊడదీయించాడు. ఆ రోజు చెట్టు కాడ బస్సు ఆగడమే కాదు, హారను దానంతట అదే మోగింది. ఎవులూ నొక్కలేదు, ఆ రబ్బరు బుడ్డి సొట్ట పడతంది, ఉబ్బుతంది, సొట్ట పడతంది. ఎవరో కోపంగా పిసుకుతున్నట్టు. నోరు లేని గౌరినాయుడికి అప్పుడొచ్చింది నోరు. బాబూ, ఆవిడ సీటు ఆవిడకి ఇచ్చీండి, లేదంటే ఈ హ్యాండిలు మీరు తిప్పండి అన్నాడు.

సీటు మళ్లీ బిగించారు. కానీ సోంబాబు గారి బుద్ధి చూడండి, ఆ సీటుకి అడ్డంగా తాడు కట్టించాడు. నాను కూకోకూడదు కాబట్టి ఎవులూ కూకోకూడదు. బస్సు ఆగడం మానీసింది. దెయ్యం శాంతించిందన్నారు అందరూ. మేమో? మేము మామూలే, గోడ కాడ.

కొర్లమ్మప్పకి కూతురుంది, అసిరమ్మ. తల్లి పోయినాక బుట్ట అదే ఎత్తుకుంది. సన్నగా ఉంటాది, మాట తక్కువ, చూస్తే తల్లి పోలికే లేదనుకుంటారు. ఓ రోజు అది గోడ కాడ నిలబడి నిలబడి ఆ ఖాళీ సీటు వేపు చూసి, మా అమ్మ చచ్చింది సీటు ఖాళీగా ఊరేగడానికేటి అంది. మేమంతా నోరు మూయవే అన్నాము. బాబు గారు చూస్తే చేపల బుట్ట బస్సెక్కనీడు, సంతకి ఎల్లకపోతే ఈదంతా పస్తే కదా. పైగా అది దెయ్యం సీటు, సొంత తల్లయినా దెయ్యం దెయ్యమే. అది ఇనలేదు. చేపలు కోసే కత్తితో తాడు కోసి, ఎల్లి కూకుంది.

సోంబాబు గారు ఆ రోజు ఎనక బల్ల మీద ఉన్నారు. తాడు తెగడం చూసి లేచి అరిచాడు, దించీండి దాన్ని, రేపట్నించి ఒక్క బుట్ట కూడా ఈ బస్సెక్కకూడదు అని. గౌరినాయుడు ఇననట్టే తోలాడు. కల్వర్టు దాటింది. చెట్టొచ్చింది. బస్సు దగ్గి ఆగిపోనాది.

చూసేవా, చూసేవా, నీ అమ్మకే నువ్వు పనికిరాలేదు, దిగు అన్నాడు సోంబాబు గారు. అసిరి మొహం తెల్లబోయింది, అబద్ధమెందుకు. గౌరినాయుడు దిగాడు గానీ హ్యాండిలు పట్టుకుని కదల్లేదు. చేతకాకపోతే ఇటివ్వు అని బాబు గారే దిగి, హ్యాండిలు లాక్కుని, ముక్కు ముందర వంగి తిప్పుతున్నాడు. గౌరినాయుడు తన సీట్లోకి వచ్చి కూకున్నాడు. లోపల వాసన లేచింది. కానీ ఈసారి కుళ్లు వాసన కాదర్రా, అప్పుడే ఒడ్డుకొచ్చిన వలలోంచి వచ్చే వాసన.

అసిరి కాసేపు ఆ వాసన పీల్చుకుని, ఎనక్కి తిరిగి మా వేపు చూసింది. నాను కూకున్నాను, మీరింకా నిలబడే ఉన్నారు, అమ్మ అందుకే ఆపింది, రండి అంది. ముందు ఎవులూ కదల్లేదు. తరవాత మా గురమ్మొదిన, ఏటయితే అదవుతాదని బుట్ట చంకనెట్టుకుని బల్ల కాడికి ఎల్లి, అక్కడున్న కోమటాయన్ని జరగవయ్యా అంది. ఆయన జరిగాడు! ఆయన జరిగితే పక్కాయన జరిగాడు. ఒకళ్ల ఎనకాల ఒకళ్లం అందరం కూకున్నాము. ఆఖర్న నాను కూకున్నాను. ఆ బల్ల ఎంత చల్లగా ఉందనుకున్నారు!

నాను కూకోడమే, హారను మోగింది. నొక్కిందెవులు? గౌరినాయుడి రెండు చేతులూ చక్రం మీదున్నాయి. ఇంజను దానంతట అదే లేచింది, హ్యాండిలు ఎదురు తిరిగి సోంబాబు గారి చేతిలోంచి ఎగిరి గడ్డిలో పడింది, ఆయన పక్కకి గెంతాడు. బస్సు కదిలింది. ఆపరా, ఆపరా అని ఎనకాల పరుగెట్టాడు. గౌరినాయుడు అద్దంలో చూసి, బాబూ, నాను ఆపట్లేదు, తోలట్లేదు కూడా అన్నాడు. మిట్టమధ్యాహ్నం, తారులో పాదం దిగిపోతంది, ఆయనొక్కడే ఆ చింతచెట్టు కింద.

చావలేదులెండి. సాయంత్రానికి నడిచొచ్చాడు. కానీ ఆ తరవాత ఎన్ని సబ్బులు అరగదీసినా ఆయన ఒంటి మీద చేపల వాసన పోలేదు. పెళ్లిళ్లకెల్తే పిల్లులు ఎంటబడేవి. బుట్టలు ఎక్కనీనన్న మాట మళ్లీ ఎత్తలేదు, ఎవులూ ఎత్తనివ్వలేదు కూడా. బస్సు పాతదయి తుక్కు కింద పోయేదాకా ఆ ఎర్ర గుడ్డ మీద ఎవులికి ఒంట్లో బాగోకపోతే ఆళ్లు కూకునేవోరు.

అందుకని చెప్తన్నాను. మిట్టమధ్యాహ్నం పూట ఆ చెట్టు కాడికి ఎల్లకండి. ఎండకి ఆగలేక ఎల్లారే అనుకోండి, నీడలో మీ పాటికి మీరు నిలబడండి. కాస్త జరగమని మాత్రం అనకండి. ఆవిడ జరగదు.