వాడుకొమ్మని ఇచ్చిన చల్లగది

హలో… ఆ, నేనే. దేవిప్రియనే అత్తా, కోయంబత్తూరు నుంచి.

…ఆమా, అవును, లారీ మా కాలేజీ పంపించిందే. లారీతో మా మదన్ వచ్చేసినాడా? …మీ తోటలో పెట్టిన సోలార్ చల్లగది ఎత్తుకొని పోతాడు.

…ఎందుకేంది? రిసర్చ్ అయిపోయిందత్తా. మా పేపర్ కూడా అచ్చయింది. రైతు మిషను కొనకుండా, ఉట్టినే వాడుకొంటే చాలునా అని చూడాలనుకొంటిమి. చూసేసినాము.

…నిజమే, వాడుకొమ్మనే ఇస్తిమి. నీది అని ఎవరు చెప్పినారు?

…ఈ పొద్దేనా కోసినారు? ద్రాక్షంతా లోపలే పెట్టేసినారా? …మదురై వ్యాపారిని ఈ దినమే రమ్మను. …తక్కువకు అడుగుతాడు, తెలుసు. ఏం చేసేది?

…ముడియాదత్తా, కుదరదు. రెండు దినాలు కూడా ముడియాదు. అది తిరుమంగళం పోవాల. అక్కడ మల్లెపూలకు పెడతాము. ఇప్పుడందరూ పూల మీదే రాస్తా ఉన్నారు. ద్రాక్ష మీద రాస్తే ఎవరూ చదివేది లేదు.

…ఆవుకొట్టం పీకి జాగా ఇస్తివి, ఎవరు లేదన్నారు? ఆవును అమ్మమని నేను చెప్పలేదే.

…మా నాయనకు అక్కవే. నీ ఇంట్లో తిని చదువుకొంటిని, సరే. అదంతా మా ప్రొఫెసర్ దగ్గర పోయి చెప్పేదా?

…ఏడవొద్దు. మదన్ కాడ ఫోనియ్యి.

మదనా, పెట్టెలన్నీ బయట దించు. …నీడ లేకుంటే ఎండలోనే పెట్టు. …ఏమి? అత్త గది వాకిట్లో అడ్డం నిలిచిందా? …లేదు లేదు, ఆమె మీద చెయ్యి వెయ్యొద్దు. ఉండు. మిషను ఇక్కడ నా ఫోన్‌లోనుంచే ఆపొచ్చు.

…ఆపేసినాను. శబ్దం నిలిచిందా? …ఆ. ఇంక లోపల ఉడుకెక్కుతుంది. పండు మెత్తబడేది చూస్తా ఎంతసేపు నిలుస్తుంది?

…

…పక్కకు జరిగిందా? పెట్టెలు తానే మోస్తా ఉందా? …మీరూ ఒక చెయ్యి వెయ్యండి, బిరీన అవుతుంది.

…ఎవరు, అత్తనా? నాతో మాట్లాడాలనా?

…వద్దు. ఫోను ఆమెకియ్యొద్దు. తిరుమంగళం చేరినాక నీవే ఫోను కొట్టు… పెట్టేస్తా ఉండాను.