తెల్ల కారుకు తొడుగు

కారు షెడ్డు. షట్టరు దించేసి, పట్టపగలే లైటు వేసుకుని, తెల్ల కారుకు బూడిదరంగు వినైల్ షీట్ అతికిస్తున్నారు భార్యాభర్తలు.

“లాగకండి, లాగకండి, లాగకండి!”

“లాగట్లేదే, ఊరికే పట్టుకున్నాను.”

“పట్టుకోవడమంటే అదా? ఆ మూల రంగెలా పాలిపోతోందో చూడండి. వీడియోలో ఆ అబ్బాయి ఏమన్నాడు? నిద్రపోతున్న పసిపిల్లకి చొక్కా తొడిగినట్టు తొడగాలన్నాడు.”

“వాడి మొహం. వాడెప్పుడు తొడిగాడు పసిపిల్లకి చొక్కా?”

“ఓపికుంటే ఇద్దరు మనుషులు చాలు, ఇంట్లోనే చేసుకోవచ్చన్నాడు. ఆ ఇద్దరూ మొగుడూపెళ్ళాలు కాకూడదని మాత్రం చెప్పలేదు. అక్కడ మోసపోయాం.”

“నవ్వించకు, చేతిలో ఈ ప్లాస్టిక్ బద్ద జారుతుంది. హెయిర్ డ్రయ్యర్ ఇటు పట్టు. అంత దగ్గరగా కాదు.”

“నా జుట్టుకి పట్టని భోగం దీనికి పట్టింది. ఇదిగో, ఇక్కడ బుడగ. సూది ఇవ్వనా?”

“వద్దు. బద్దతో తోస్తే పోతుంది. మధ్యలోంచి అంచుకి... మధ్యలోంచి అంచుకి... ఆ, పోయింది.”

“షాపులో ఇస్తే వాళ్ళే చేసిచ్చేవారు కదండీ.”

“షాపెందుకు? మనకి చేతుల్లేవా?”

“ఉన్నాయి. ఊరికే అన్నాను.”

“నువ్వేగా అన్నావు, తెలుపు మాసిపోతోంది, రంగు మారుద్దామని.”

“నేనా! షీట్ చుట్ట చంకన పెట్టుకొచ్చింది మీరు.”

“నువ్వన్నావనే తెచ్చాను.”

“సరే, నేనే అన్నాను. అలాగే అనుకుందాం. బానెట్ అయింది, ఇప్పుడు తలుపులేనా?”

“కాదు. బంపరు.”

“మళ్ళీ చేద్దాం లెండి అది. ఒంపులెక్కువ, కష్టమన్నాడు.”

“ముందు బంపరే. ఎవరికైనా ముందు కనపడేది అదే.”

“...స్పిరిట్‌తో తుడిచారా?”

“రెండుసార్లు.”

“మరి ఆ పచ్చగీత పోలేదే.”

“ఎక్కడ?”

“సొట్ట పక్కన.”

“ఓ, అదా. గేటుకి రాసుకునుంటుంది.”

“మన గేటు నలుపండీ.”

“వేరే ఎవరిదో గేటు.”

“అవునవును. వేరే ఎవరిదో. ఊళ్ళో పచ్చగేట్లకేం కొదవ. గుడ్డ ఇటివ్వండి, నేను తుడుస్తాను.”

“రుద్దకు. షీట్ పడితే కనపడదు.”

“ఆగండి.”

“ఏంటి?”

“విన్నారా?”

“లేదు.”

“సైకిల్ బెల్లు.”

“ఊళ్ళో సైకిళ్ళు తిరగవా ఏంటి? షీట్ వెనక కాగితం లాగు. నెమ్మదిగా.”

“ఆవిడే. మలుపు దగ్గర.”

“ఎవరావిడ?”

“తెలియనట్టు అడుగుతారేం! ముందుచక్రం వంకరపోయిన సైకిలు పట్టుకుని నిలబడుతోందిగా. తెల్లకారు కనపడితే చాలు, ఒక్కసారి బెల్లు కొడుతుంది. వంగి కారు ముందుభాగం చూస్తుంది. ఆపదు, తిట్టదు. చూస్తుంది, అంతే.”

“నువ్వు మాట్లాడావా ఆవిడతో?”

“నేనెందుకు మాట్లాడతాను? అటు వెళ్ళడమే మానేశాను. కూరలకి కూడా వెనక వీధిలోంచి తిరిగి వెళ్తున్నాను.”

“మంచిపని చేశావు.”

“మంచిపనా?”

“అంటే... అటు ఎండెక్కువ.”

“కూరలావిడ చెప్పింది. ఆ సైకిలు ఆవిడ భర్తదట. ఆ మలుపులోనే ఏదో తెల్లకారు గుద్దిందట. ఆసుపత్రికి చేరకముందే పోయాడట. గుద్దినవాళ్ళు ఆగలేదట. చెప్పేది వింటున్నారా?”

“డ్రయ్యర్! డ్రయ్యర్ తియ్! ఒక్కచోటే పెట్టేశావు, చూడు, ఎలా ముడుచుకుపోయిందో.”

“అయ్యో.”

“పర్లేదు. వేడిమీద లాగితే సర్దుకుంటుంది. ఇలా సొట్ట మీదుగా బిగించి పరిచేద్దాం. లోపలికి నొక్కకు. పైపైన పోతే చదునుగా కనపడుతుంది.”

“వీడియోలో అలా చెయ్యొద్దన్నాడు. గుంటలోకి నొక్కాలి, లేకపోతే లేచిపోతుందన్నాడు.”

“వాడికి సొట్ట కనపడకూడదన్న అవసరం లేదు.”

“...ఆ సైకిలు ఏ రంగో అడగరేం?”

“నేనెందుకు అడగాలి?”

“పచ్చ.”

“అటు అంచు పట్టుకో.”

“పట్టుకున్నాను. ఏమండీ, కుంగుతోంది.”

“ఏది?”

“మధ్యలో. చూడండి, లోపలికి పోతోంది. వేళ్ళు తీస్తే పైకి లేస్తోంది. అమ్మో, ఊపిరి తీస్తున్నట్టుందండీ.”

“లోపల గాలి చిక్కుకుంది. పిచ్చిమాటలు మాట్లాడకు.”

“తెలుపులో ఇంత కనపడలేదు. ఈ నిగనిగకి సొట్ట మొత్తం ఎత్తి చూపించినట్టుంది.”

“లైటు పక్కనుంచి పడుతోంది, అందుకని. ఆర్పెయ్.”

“ఆర్పితే మనకి కనపడదు. సొట్ట ఎక్కడికీ పోదు.”

“మెల్లగా మాట్లాడు. లోపల నాన్న వింటారు.”

“వినే ఓపిక ఉందా మామయ్యగారికి? అప్పట్నుంచీ గది దాటి రావట్లేదు. కంచంలో అన్నం కెలికి అలాగే వదిలేస్తున్నారు. టీవీలో వార్తలవాళ్ళని తిట్టకపోతే ఆయనకి పొద్దుపోదు కదా, ఇప్పుడు పెట్టమని కూడా అడగట్లేదు.”

“అలిగారు. చూపు సరిగా లేదు, ఇక కారు ముట్టుకోవద్దన్నాను కదా, ఆ కోపం.”

“మీరు చెప్పిన తీరు అలా ఉంది మరి. స్కూలు పిల్లాడికి చెప్పినట్టు.”

“సరే, అదంతా వదిలెయ్. ఇలా చూడు. ఒక్క మాట చెప్తాను.”

“చెప్పండి.”

“నేనెవరికీ చెప్పను.”

“ఏం చెప్పరు?”

“చచ్చేదాకా చెప్పను. మసకచీకటి, పైగా తుంపర. కంగారులో ఆగకుండా వచ్చేశావు. ఎవరికైనా కాళ్ళూ చేతులూ ఆడవు.”

“ఎవరూ? నేనా?”

“ఆ సాయంత్రం నేనొచ్చేసరికి కారు అడ్డదిడ్డంగా పెట్టి ఉంది, ముందు ఇలా సొట్ట. నువ్వు స్నానాల గదిలో ఉన్నావు. బయటికొస్తే కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఒక్క ప్రశ్న వేశానా? వెళ్ళి షీట్ తెచ్చాను.”

“కళ్ళలో సబ్బు పడిందండీ!”

“ఏంటి?”

“సబ్బు! నేను కారు తీయనేలేదు. దర్జీ దగ్గర్నుంచి ఆటోలో వచ్చాను. అప్పటికే ఇలా పెట్టి ఉంది. మీరే గుద్ది, కారు ఇక్కడ పడేసి ఎటో వెళ్ళారనుకున్నాను.”

“నేనెందుకు గుద్దుతాను? మా ఆఫీసతను స్కూటరు మీద దింపాడు.”

“మరి వచ్చి మెట్ల మీద కూలబడ్డారేం, బూట్లు కూడా విప్పకుండా?”

“కారు చూసి కూలబడ్డాను! నువ్వే చేశావనుకుని.”

“మర్నాడు గిన్నెలు కడిగారు.”

“అయితే?”

“పెళ్ళయ్యాక మొదటిసారి కడిగారు. ఇంకేం సాక్ష్యం కావాలి? ఏదో ఘోరమే చేసొచ్చారని అప్పుడే రూఢి అయిపోయింది నాకు.”

“నీకు కష్టంగా ఉంటుందని కడిగాను.”

“మీకు కష్టంగా ఉంటుందని నేను రోజూ మీ మనసు మళ్ళించడానికి వాగుతూనే ఉన్నాను. నోరు నొప్పెట్టిందండీ.”

“అంటే నువ్వు కాదు.”

“కాదు. మీరూ కాదు.”

“కాదు. అమ్మయ్య!”

“ఏంటండీ అమ్మయ్య? అక్కడ మనిషి పోయాడు.”

“నువ్వు కాదని...”

“అది సరే. నేనే అనుకుని కూడా దాచేద్దామనుకున్నారుగా.”

“నువ్వు దాచలేదా? అంచు పట్టుకుంది ఎవరు?”

“నేనే. అదే భయంగా ఉంది. ఆవిడ అక్కడ ఎండలో నిలబడితే, మనం ఇక్కడ బుడగలు రాకుండా చూసుకుంటున్నాం. పైగా జోకులు.”

“మరి కారు ఎవరు తీశారు? తాళాలు ఇంట్లో కొక్కేనికే ఉన్నాయి. నువ్వు తీయలేదు. నేను తీయలేదు. ఇంక ఇంట్లో ఉన్నది...”

“అనకండి. ఆ మాట పైకి అనకండి.”

“చూపే సరిగా లేదు. ఆయనెలా...”

“అందుకేనండీ. చూపు సరిగా లేకే.”

“అన్నం తినకపోతే అలక అనుకున్నానే! నా మీద కోపమనుకున్నానే!”

“మెల్లగా. షట్టరు ఎవరో ఎత్తుతున్నారు.”

“ఎవరది? ఆగండి, దుమ్ము పడుతుంది... నాన్నా?”

“మామయ్యగారూ! గదిలో లేరా మీరు? చెప్పులు కూడా లేకుండా ఎక్కడికెళ్ళారు? కాళ్ళు చూడండి ఎలా కాలిపోయాయో.”

“మలుపు దాకా వెళ్ళొచ్చానమ్మాయీ.”

“నాన్నా, మీరు లోపలికి పదండి. నేను చూసుకుంటాను. ఇంకో గంటలో అయిపోతుంది, ఎవరికీ తెలియదు.”

“ఆ తొడుగు పీకెయ్యరా. తోలింది నేనేనని ఆవిడకి చెప్పేశాను. గేటు దగ్గర నిలబడింది, చూసుకోనీ.”