కిసబురో గారి పొగగొట్టం

చలి మొదలైతే మా కొట్లో టీ కంటే ఎక్కువ చెలామణి అయ్యేవి కిసబురో గారి మాటలే. చుట్టుపక్కల రైతులు కూరగాయలు తెచ్చి అమ్ముకునే కొట్టు మాది. లోపల మూలన నాలుగు బల్లలేసి టీ, వేడి సోబా నూడుల్స్ కూడా ఇస్తాను. ఆయన డెబ్బై నాలుగేళ్ల మనిషి, పొద్దున పదింటికల్లా కిటికీ పక్క బల్ల ఆయనదే.

ఆ రోజు మిహోకో స్టవ్‌ల కాగితాలు పట్టుకొచ్చి కూర్చుంది. వాళ్లమ్మ కియోనో గారికి ఎనభై ఒకటి, తుంటి బాగోలేదు. మిహోకో పొద్దున్నే మోరియోకాలో ఆసుపత్రి డ్యూటీకి వెళ్తే, మళ్లీ చీకటి పడ్డాకే ఇల్లు చేరేది. పగలంతా ఆవిడ ఒక్కతే. ఇల్లు వెచ్చబెట్టే ఇనుప పొయ్యి కొనాలి. కట్టెలదా? రంపపు పొట్టు నొక్కి చేసిన గుళికలదా? ఇవాళ సాయంత్రంలోగా చెప్పకపోతే మంచు పడేలోపు బిగించలేమని షాపువాడు అనేశాడట.

"మీరేమంటారు బాబాయ్?" అని అడిగింది, పాపం, వెళ్లి వెళ్లి ఆయన్నే.

"గుళికలా? కోళ్ల దాణాలా ఉంటాయే, అవా? అదీ ఓ పొయ్యేనా అమ్మాయ్! మీట నొక్కితే మంట, కరెంటు పోతే బూడిద. కట్టెలదైతే కరెంటుతో పనేంటి? రెండేళ్ల కిందట మంచు తుఫానొచ్చి మూడు రోజులు ఊరంతా చీకటైపోయింది, నువ్వప్పుడు సెండాయ్‌లో ఉన్నావులే. అందరూ దుప్పట్లు కప్పుకుని వణుకుతుంటే మా ఇంట్లో ఏం జరిగిందో తెలుసా?"

"మేం తెలియదంటే మాత్రం ఊరుకుంటారా?" అన్నాను నేను.

"ఊరుకోను చెల్లెమ్మా. ఒక్క మొద్దు. ఒకే ఒక్క సింధూరపు మొద్దు పొయ్యిలో వేశాను, మూడు రోజులూ అదే కాలింది. మా ఆవిడ తెరు, చొక్కా చేతులు మడుచుకుని తిరిగింది. ఆ మొద్దు మామూలుదా? మూడు వందల కిలోలు! కొండ మీద నేనొక్కణ్ణే నరికి, భుజానేసుకుని, మధ్యలో ఒక్కసారి ఆగి సిగరెట్టు కాల్చుకుని మరీ తెచ్చాను. తెచ్చి రెండేళ్లు ఎండబెట్టాను. ఎండని కట్టెకి పొగే తప్ప వేడి రాదు, ఇది రాసుకో అమ్మాయ్."

మిహోకో నిజంగానే రాసుకుంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? వెచ్చగా ఉందని పక్కింటివాళ్లు ఐదుగురొచ్చారు. వాళ్లని చూసి ఎదురింటివాళ్లు. మధ్యాహ్నానికి నలభై మంది!"

"మీ గదిలో పట్టేది ఎనిమిది చాపలే కదండీ?" అన్నాను.

"సర్దుకున్నాం. పరుపులు పెట్టే అలమరలో కూడా కూర్చున్నారు, పై అరలో ఆడవాళ్లు, కింది అరలో మగవాళ్లు. ఇక చూడు, మా కప్పు మీద మంచు జారిపోయింది, పక్కింటి కప్పుదీ పోయింది, చూరుకి కట్టిన పండ్లు నెల పట్టేవి ఒక్క పూటలో ఎండాయి. మూడో రోజు పొద్దున లేచి చూద్దును కదా, పెరట్లో వసంతంలో పూసే సకురా చెట్టు విరగబూసింది! జనవరిలో! అంతా చాపలు పరుచుకుని, సాకే సారా పోసుకుని, పాటలు. అప్పుడొచ్చింది ఎలుగుబంటి."

"ఎలుగుబంటా?"

"వసంతం వచ్చేసిందనుకుని నిద్ర లేచింది పాపం, ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని. గుమ్మంలో నిలబడింది."

"మీరేం చేశారు బాబాయ్?"

"ఏం చేస్తాం? ఇంటికొచ్చిన వాళ్లని పొమ్మంటామా? అలమరలో వాళ్లని కాస్త జరగమన్నాను. సాయంత్రం దాకా పొయ్యి దగ్గర కూర్చుని, వెళ్లేటప్పుడు నలభై మంది చెప్పులూ బయటివైపు తిప్పి వరసగా పెట్టి మరీ వెళ్లింది. అదీ మర్యాదంటే! కట్టెల మంట దగ్గర కూర్చుంటే మృగానిక్కూడా సంస్కారం వస్తుంది. గుళికలకొస్తుందా?"

నవ్వలేక నాకు పొట్ట చెక్కలైంది. మిహోకో కూడా నవ్వింది కానీ, కళ్లు కాగితం మీదే ఉన్నాయి.

"ఎలుగుబంటి సంగతి వదిలేయండి. కరెంటు పోతే అమ్మ ఒక్కతే చలికి బిగుసుకుపోతుందేమోనని నాకు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. కట్టెలదే చెప్పేస్తాను," అని ఫోను తీసింది.

పక్క బల్ల దగ్గర సోబా తింటున్న సుగవారా తినే పుల్లలు గిన్నె మీద పెట్టేశాడు. పొగగొట్టాలు తుడవడం అతని పని. ఊళ్లో ఇంకో కట్టెల పొయ్యి వస్తే అతనికి ఇంకో ఇంటి పని.

"ఆగు తల్లీ. నా పొట్ట నేనే కొట్టుకుంటున్నాను, అయినా చెప్తాను. కిసబురో గారూ, మూడేళ్లుగా మీ పొగగొట్టం నేనే చూస్తున్నాను. అందులో చెంచాడు మసి లేదు."

"ఉండదు మరి! నా మంట అంత శుభ్రం. ఎండిన కట్టె..."

"మసి సరే. మరి పిట్టగూళ్లు? మొన్న మూడు తీశాను, ఒకదాని మీద ఒకటి, ఏటికొకటి. అడుగున ఉన్న గూట్లో గుడ్డు పెంకులు ఇంకా తెల్లగా ఉన్నాయి."

కిసబురో గారు టీ గ్లాసులోకి చూశారు.

"మరి తుడవడానికేం లేకపోతే ఏటా ఎందుకయ్యా ఎక్కుతావు?" అన్నాను.

"అరగంట కప్పు మీద కూర్చోమంటారు, రోడ్డున పోయేవాళ్లకి కనబడేలా. ముల్లంగి పచ్చడి సీసా ఇచ్చి ఎవరికీ చెప్పొద్దంటారు. ఇన్నాళ్లూ చెప్పలేదు. కానీ ఎనభై ఏళ్లావిడ తుంటి నొప్పితో మంచులో కట్టెలు మోయడమా? పచ్చడి తిన్న నోటితోనే చెప్పాల్సొచ్చింది."

ఆయనింటి గోడ వారన అంత అందంగా పేర్చిన కట్టెలకి నాచు ఎందుకు పట్టిందో నాకప్పుడు అర్థమైంది.

"నడుం," అన్నారు కిసబురో గారు, సిగ్గుతో చెవులు ఎర్రబడగా. "నాలుగేళ్ల కిందట గొడ్డలి ఎత్తాను, దించలేకపోయాను. తెరు వచ్చి దించింది. గొడ్డలి పట్టలేని మగాణ్ణి ఈ ఊళ్లో ఏమంటారో నాకు బాగా తెలుసు. అన్నవాణ్ణి నేనే కదా. లోపలి గదిలో గుళికలదే పెట్టుకున్నాం, దాని గొట్టం పెరటి గోడలోంచి పోతుంది."

"మరి తుఫానప్పుడు?" అంది మిహోకో.

"ఆరిపోయింది. మీ అమ్మ దగ్గరికెళ్లాం. పైన కెటిల్ పెట్టుకునే పాత కిరసనాయిలు పొయ్యి ఉంది చూడు ఆవిడకి, దానికి కరెంటుతో పని లేదు. మూడు రోజులూ ముగ్గురం దాని చుట్టూ కూర్చుని బియ్యపు మోచీ ముద్దలు కాల్చుకు తిన్నాం. ఎవరికీ చెప్పొద్దని బతిమాలుకున్నాను."

"అమ్మ నాతో కూడా అనలేదు! పాత సామానని నేను దాన్ని పారేయడానికి బయట పెట్టేశాను."

"లోపల పెట్టు తల్లీ, ఇప్పుడే వెళ్లి లోపల పెట్టు!" ఆయన సగం లేచారు కూడా, నడుం పట్టుకుని.

మిహోకో మా బల్ల దగ్గరే నిలబడి షాపుకి ఫోను చేసి గుళికలదే చెప్పేసింది. చాన్నాళ్లకి ఆమె మొహం కాస్త తేరుకుంది.

ఆమె తలుపు దాకా వెళ్లాక కిసబురో గారు పిలిచారు.

"అమ్మాయ్, గుళికల సంచి పది కిలోలు. మీ అమ్మ ఎత్తలేదు. పక్కనే విప్పి పెట్టి, అన్నం గరిటెతో కొంచెం కొంచెంగా పొయ్యిలో పోసుకోమను. నేనూ అలాగే పోస్తున్నాను."

మిహోకో తల వంచి దండం పెట్టింది. నేను ఆయన గ్లాసులో మళ్లీ వేడి టీ పోశాను.

"ఇంతసేపట్లో మీరు చెప్పిన బరువుల్లో నేను నమ్మింది ఇదొక్కటే," అన్నాను.

ఆయన ఒక గుక్క తాగారు. కిటికీ బయటికి చూశారు. గొంతు సవరించుకున్నారు.

"పన్నెండు కూడా ఉండొచ్చు," అన్నారు.