పైపై తుప్పు

హలో… ఆ, నేనేనండీ. షెడ్డులో మన కారు పక్కన ఇంకెవరుంటారు?

చేతులు నల్లగా ఉన్నాయి, స్పీకర్లో పెట్టి మాట్లాడుతున్నా… చక్రానికి కొత్త బేరింగ్ దొరికిందా?… హమ్మయ్య.

ఇక్కడా అయిపోయింది. మీరు సందు మలుపు తిరక్కముందే మొదలెట్టా. పాత బేరింగ్ కూర్చున్న చోటంతా వైరు బ్రష్షుతో గీకి, సన్న ఎమెరీ పేపరుతో రుద్ది…

లేదు, గట్టిగా కాదు. పైపై తుప్పే, ఇనుముని తినలేదని మీరే అన్నారుగా. ఒట్టి ఎర్రపొడి, రాలిపోయింది.

తెలుసు, అత్తయ్యగారి రైలు సాయంత్రానికే… ఆ, ‘మేమే బాగుచేసుకున్నామమ్మా, చప్పుడే లేదు’ అని పొద్దున్నే చెప్పేశారుగా. ఆలూ లేదు, చూలూ లేదన్నట్టు… సరే, ఆలు ఉందిలెండి.

నవ్వకండి. పోయినసారి ఫోన్లో మన కారు రొద విని ఆవిడేమన్నారు? ‘ఏరా, పిండిమరలో పనికి కుదిరావా’ అని… మీకు నవ్వులాటే. ఆవిడ మన ఇంటికి రావడం ఇదే మొదలు. దారంతా కబుర్లు చెప్పాలని నేను దాచుకుని కూర్చున్నా. ఆ రొదలో ఒక్క ముక్క వినబడుతుందా?

ఎలా ఉందంటే, అద్దమే. నా మొహం కనబడుతోంది… సరే, ముక్కు కనబడుతోంది. అంత మెరిసేది మళ్లీ తుప్పు పట్టిపోతుందేమోనని, ఒక పూత కూడా వేసేశా…

ఏం పూతా?…

గోళ్ల రంగు.

…ఎర్రది. మీరు కొన్నదే… రెండు సార్లు పూశా… ఏంటండీ, అంత పెద్ద నిట్టూర్పు?

ఊఁ… అంటే, అక్కడ ఒట్టి ఇనుమే ఉండాలా?… వెంట్రుకవాసి మందం ఉన్నా బేరింగ్ తిన్నగా కూర్చోదా… కూర్చోకపోతే మళ్లీ పిండిమరేనా?

మీరు తుప్పు గీకమన్నారు గానీ, పూత వేయొద్దని అనలేదుగా… నిజమే, వేయమనీ అనలేదు.

నా తుప్పు రేగ్గొడతారా? రండి, బ్రష్షు ఇక్కడే ఉంది.

ఆగండాగండి. మళ్లీ గీకడమెందుకు? రంగు వేసుకునే దాని దగ్గర రంగు తీసే మందు ఉండదా?… పెట్టేయకండి, లోపలికెళ్లి తెస్తా…

ఆ, వచ్చా. దూది తడిపి… వస్తోందండీ. దూదంతా ఎర్రగా… మీరలా ఊపిరి బిగబట్టుకుని ఉంటే నాకు నవ్వొచ్చి చెయ్యి కదలడం లేదు, ఏదో ఒకటి మాట్లాడండి…

అది కాదు, ఇంకేదైనా…

ఇప్పుడు పొడిగుడ్డతో… చుట్టూ గోటితో గీసి చూడనా?… ఎక్కడా తట్టుకోవడం లేదు. నున్నగా జారిపోతోంది… నిజంగా. మీ అమ్మగారి మీద ఒట్టు కాదు, నా మీద ఒట్టు.

నూనె పల్చగా మీరే రాయండి వచ్చాక. నా చెయ్యి ఆగదు, తెలుసుగా.

కోపం పోయిందా?… అనుకున్నా. మీదీ పైపై తుప్పే. రెండు రుద్దులకి రాలిపోతుంది.

ఏమండీ, ఒక్క మాట… బేరింగ్ తగలని చోట, బయటి అంచు మీద, ఎర్ర చుక్క ఒకటి మిగిలింది. చక్రం బిగిస్తే ఎవరికీ కనబడదు. తుడిచేయనా?

…

ఏమన్నారు? మళ్లీ అనండి… వినబడిందిలెండి, ఇంకోసారి వినాలని.

సరే, ఉంచేస్తున్నా. అత్తయ్యగారికి చెబుతా, మీ అబ్బాయే నా గుర్తుగా ఉంచమన్నాడని… ఆ, కార్లోనే. చప్పుడుండదుగా, మెల్లగా చెప్పినా వినబడుతుంది…

హలో?… హలో?

పెట్టేశారు. సిగ్గు.