ఏడో నంబరు థర్మామీటరు

ఆదివారం మధ్యాహ్నం, బడిలో కెమిస్ట్రీ ల్యాబు. టీచరు, ల్యాబ్ అటెండరు.

"అది కాదన్నా. ఏడో నంబరుది ఇవ్వండి."

"ఇది కొత్తది మేడం. మొన్ననే వచ్చింది. గీతలు కూడా బాగా కనిపిస్తాయి."

"నాకు ఏడే కావాలి."

"ఏడు... ఎక్కడ పెట్టానో. వెతకాలి."

"మీరు వెతకడమేమిటి? కళ్ళకు గంతలు కట్టినా ఏ బీకరు ఏ అరలో ఉందో చెప్తారు మీరు."

"వయసైపోయింది మేడం. నిన్న కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికాను. మా ఆవిడ చూస్తూ కూర్చుంది గానీ చెప్పలేదు."

"అన్నా."

"ఆ."

"సెలవు రోజు మిమ్మల్ని పిలిచి తలుపు తీయించాను. ఊరికే పిలవలేదు. ఇది చూడండి."

"చిన్న సీసా. ఏముంది ఇందులో?"

"బెంజోయిక్ యాసిడ్. లేబుల్ మీద రాత చూడండి."

"మీ పాప రాత."

"దాని బడి సంచీ రెండు నెలలుగా తెరవలేదు. పాప పోయిన రోజు సంచీ ఎక్కడుందో అక్కడే ఉంది. నిన్న తెరిచాను. జామెట్రీ బాక్సులో దూది చుట్టి పెట్టుకుంది."

"స్ఫటికాలు ఎంత తెల్లగా ఉన్నాయో. సూదుల్లా."

"వేడినీళ్ళలో కరిగించి, వడగట్టి, చల్లారబెట్టింది. అందరూ తొందరపడి కుళాయి కింద పెట్టారు. ఇది మాత్రం కదపకుండా కూర్చుంది."

"కూర్చుంది. నన్ను ఆ పక్కన నడవొద్దంది కూడా. నువ్వు నడిస్తే బల్ల కదులుతుంది తాతయ్యా, అని. నేనేమన్నా ఏనుగునా అన్నాను."

"ఏమంది?"

"ఆలోచించి చెప్తానంది."

"ఇదిగో, దాని రికార్డు. ఈ పేజీ చదవండి."

"కళ్ళజోడు తేలేదు మేడం."

"నెత్తిన ఉంది."

"... 'మెల్టింగ్ పాయింటు నూట పద్దెనిమిది.' కింద ఎర్ర సిరా. 'నిర్లక్ష్యం. మళ్ళీ చెయ్యి.'"

"క్లాసంతా నూట ఇరవై రెండు రాసింది. పుస్తకంలో ఉన్నదీ అదే. ఇదొక్కతే పద్దెనిమిది. అందరి ముందూ పైకి చదివాను. వేరే పిల్ల అయితే చదివేదాన్ని కాదు. సొంత కూతురని వదిలేసిందని ఎవరూ అనకూడదని."

"మీరు మొదటి నుంచీ అంతే."

"మర్నాడు జ్వరం. నాలుగే రోజులు. జ్వరం తగ్గాక మాట్లాడదామనుకున్నాను."

"కూర్చోండి మేడం."

"కూర్చోను. ఇది ఎంత వేడికి కరుగుతుందో చూడాలి. శుభ్రంగా చేసిందా, నిజంగానే నిర్లక్ష్యంగా చేసిందా. అది వాడినదానితోనే చూడాలి. రికార్డులో రాసింది, థర్మామీటరు ఏడు అని."

"తెలిసి ఏం చేస్తారు?"

"ఏమీ చెయ్యలేను. తెలుసుకుంటాను. ఇవ్వండి."

"నా బీరువాలో ఉంది. ఉండండి."

"గుడ్డలో చుట్టి పెట్టారేం?"

"విరగకుండా."

"మిగతావన్నీ స్టాండులోనే ఉన్నాయిగా."

"పారఫిన్ నూనె వేడెక్కుతోంది మేడం. క్యాపిలరీ గొట్టంలో పొడి నింపండి."

"మీరు నింపండి. కొంచెమే. మొత్తం వాడొద్దు."

"చిటికెడు కూడా వాడను. ఇదిగో, దారంతో కట్టేశాను."

"మంట తగ్గించండి. నెమ్మదిగా ఎక్కాలి. ఎంత?"

"నూట పది. పదమూడు. పదిహేను."

"ఇంకా పొడిగానే ఉంది."

"పదిహేడు."

"ఏం లేదు."

"పద్దెని..."

"కరిగింది. ఒక్కసారిగా కరిగింది. చూశారా?"

"చూశాను మేడం."

"మలినం ఉంటే ఇలా కరగదన్నా. ముందు చెమ్మగిల్లుతుంది, కుంగుతుంది, నాలుగైదు డిగ్రీలు నాన్చుతుంది. ఏటా నేనే చెప్తాను. ఇది శుద్ధంగా ఉంది. మరి పద్దెనిమిదేమిటి? ఆ కొత్తది ఇవ్వండి."

"ఇవాళ్టికి చాలు మేడం."

"ఇవ్వండి."

"పారఫిన్ చల్లారాలి కదా. ఈలోగా మంచినీళ్ళు తాగండి... ఆ, ఇంకో క్యాపిలరీ కట్టాను. చూస్తున్నారా?"

"చూస్తున్నాను. చెప్పండి."

"పద్దెనిమిది. ఇరవై. ఇరవై ఒకటి."

"ఇరవై రెండు. కరిగింది."

"కరిగింది మేడం."

"ఏడోది నాలుగు డిగ్రీలు తక్కువ చూపిస్తోంది. కానీ ఏడోదానితో ఇంకో ముగ్గురు పిల్లలు చేశారుగా. వాళ్ళూ ఇరవై రెండే రాశారే?"

"వాళ్ళు పుస్తకం చూసి రాశారు. పాప థర్మామీటరు చూసి రాసింది."

"కనిపించిందే రాయండని చెప్పింది నేనే. తేడా వస్తే ఎందుకొచ్చిందో వెతకండని. ఏడాది పొడుగునా చెప్పి, విన్న ఒక్క పిల్లని..."

"మేడం."

"ఒక్కటి నయమన్నా. థర్మామీటరు తప్పని దానికి తెలియదు. తన చేతిలోనే ఏదో పొరపాటు జరిగిందనుకుని ఊరుకుని ఉంటుంది. తెలిసుంటే, ఏ తప్పూ లేకుండా అమ్మ తిట్టిందని ఆ నాలుగు రోజులూ మనసులో పెట్టుకుని పడుకునేది. అంతవరకు నయం."

"ఏడోదాని కొస చూడండి. పైన."

"ఏముంది... పాదరసం. చిన్న ముక్క. విడిపోయి పైన ఇరుక్కుంది. అందుకే కింద తక్కువ చూపిస్తోంది. ఇది మీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"ప్రయోగం చేసిన రోజు సాయంత్రం నుంచి. పాప పక్క ల్యాబు ఫ్రిజ్‌లోంచి ఐసు తెచ్చింది. ఇద్దరం ఇక్కడే పెట్టి చూశాం. సున్నాకి నాలుగు గీతలు కింద ఆగింది."

"అంటే నేను రికార్డు దిద్దక ముందే."

"ముందే."

"దానికి తెలుసా? తెలిసి... మరి నాకు చెప్పలేదేం? ఒకే ఇంట్లో ఉన్నాం కదన్నా."

"నేనూ అదే అన్నాను. ఊపి సర్దేస్తాను, మామూలే అని కూడా అన్నాను. చెయ్యి పట్టుకుని ఆపింది. అందరూ ఇరవై రెండు రాస్తే నేనొక్కదాన్నే పద్దెనిమిది రాశాను, అమ్మ ఎందుకని అడుగుతుంది, అప్పుడు చూపిస్తాను, అంది."

"నేను అడగలేదు."

"అందుకే దీన్ని మీ కంటపడకుండా దాచాను."

"తిట్టాక అయినా చెప్పొచ్చు కదా. మీరయినా చెప్పొచ్చు కదా."

"చెబుదామనే బయల్దేరాను మేడం. తిట్టిన రోజు సాయంత్రం మళ్ళీ వచ్చింది పాప. అప్పుడే సర్దెయ్యొద్దు తాతయ్యా, ఇవాళ అమ్మ కోపంగా ఉంది, రేపు తప్పకుండా అడుగుతుంది, అంది."