వజీర్ నోరు తెరిస్తేనే శాలువా

అధ్యక్షత వహిస్తున్న ప్రిన్సిపాల్ కోటిరత్నం గారికీ, వేదిక మీది పెద్దలకీ, తెనాలి నుంచీ బాపట్ల నుంచీ ఎండలో బస్సులు మారి మా రేపల్లెకి వచ్చిన మిత్రులకీ, నా చేతిలో జువాలజీ ఫెయిలై కూడా నన్ను క్షమించి ముందు వరసలో కూర్చున్న పూర్వ విద్యార్థులకీ నమస్కారం.

సన్మాన సంఘం కార్యదర్శి గురునాథం గారు కవరు చించి కప్పబోయిన ఈ కొత్త శాలువాని నేనెందుకు ఆపానంటే, దీన్ని తెనాలిలో ఒకసారి నాకే కప్పారు, నేను బాపట్లలో ఒక హెడ్మాస్టరు గారికి కప్పాను, ఆయన ఎవరికి కప్పారో తెలియదు గానీ ఇవాళ మళ్ళీ కొత్తదై వచ్చింది. (నవ్వులు) కంగారుపడకండి గురునాథం గారూ, కూర్చోండి. తెనాలి సభలో అగరొత్తి పడి కాలిన చోట నేనే మన టైలర్ వజీర్ చేత పోగుకి పోగు అల్లించి రఫూ చేయించాను. వెనక్కి తిప్పి చూడండి, తెలుస్తుంది.

మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఇదే పని జరుగుతుంది. డీఎన్ఏ అంటే జంట పోగు. ఎండకీ, పొగకీ, చివరికి మనం ఊపిరి పీల్చుకున్నందుకు కూడా అది రోజూ వేల చోట్ల దెబ్బతింటుంది. కొన్ని ఎంజైములు ఆ పోగు వెంటే తిరుగుతూ, చెడిన ముక్కని కత్తిరించి పారేసి, ఎదుటి పోగు చూసి సరైన ముక్క అల్లి, కొసలు అతికిస్తాయి. బాగుచేయలేనంత దెబ్బ తగిలితే చాలాసార్లు ఆ కణం తనంతట తానే చచ్చిపోతుంది, పాపం మర్యాదస్తురాలు. అలా చావకుండా తప్పులతోనే పెరిగిపోతే అదే క్యాన్సర్. రోజంతా ఖైనీ బుగ్గలో పెట్టుకునేవాడికి చిరిగేది ఎక్కువ, రఫూ తక్కువ.

వింటున్నావా వజీరూ? మూడో వరసలో కర్చీఫ్ అడ్డం పెట్టుకున్నంత మాత్రాన కనపడవనుకోకు. నీ బుగ్గలో తెల్లమచ్చ సంగతి మీ ఆవిడ నూర్ బీ చెల్లెమ్మ నాతో చెప్పి ఏడ్చింది. నెలల నుంచీ కారం తినలేకపోతున్నావట, నాతో మాత్రం "వేడి చేసిందండి మాస్టారూ" అన్నావు. నువ్వు నోరు తెరిచి చూపించేదాకా నేను శాలువా కప్పుకోను, రిటైర్ కూడా కాను. నా కుర్చీలో చేరాల్సినాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు, నిలబడనివ్వండి. (నవ్వులు)

అమ్మా ఆఫ్రీన్, నువ్వు తెనాలిలో పళ్ళ డాక్టరువి కదా, ఫోన్ లైటు వేసుకుని వెళ్ళు. గురునాథం గారూ, ఆ శాలువా తెరలా పట్టుకోండి, రెండో కొస ప్రిన్సిపాల్ గారు పట్టుకుంటారు. మిగతావాళ్ళు జాంగ్రీలు తినండి. సన్నాయివాళ్ళు దయచేసి ఇప్పుడు వాయించకండి.

(శాలువా వెనక ఫోన్ లైటు వెలిగింది)

ఏంటమ్మా? ముక్క తీసి పరీక్షకి పంపాలంటోంది. అదేంటో ఇప్పుడే చెప్పలేనంటోంది, ఆలస్యం మాత్రం వద్దంటోంది. రేపే గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్దాం వజీరూ. పెళ్ళి బట్టలు ఇవ్వాలంటావా? పెళ్ళివారు ఇక్కడే ఉన్నారు, ఆగుతామని చేతులెత్తారు చూడు.

రేపటి నుంచి నాకు కాలేజీ లేదు. సాయంత్రాలు నీ కొట్లో బల్ల తప్ప నాకు కూర్చునే చోటు లేదు. నాకు భయంగా ఉందిరా.

ఏంటి, మళ్ళీ చెప్పు? మైకు అతనికివ్వండి. వద్దట, నేనే చెబుతాను. "మీరు కూడా లోపలికి వస్తారా మాస్టారూ" అని అడుగుతున్నాడు.

వస్తాను.

ఇంతసేపు ఓపిగ్గా కూర్చున్న మీ అందరికీ కృతజ్ఞతలు. పొద్దున్నే మేమిద్దరం బస్సు ఎక్కాలి. సెలవు.