సాకమ్మ కడుపుకు మూడు లెక్కలు

సాకమ్మ అని ఒకామె ఉండె. గొర్లు కాసే బీరప్ప పెండ్లాము. పుట్టిల్లు కన్నడ సీమలో, ఈడి నుంచి రెండు బస్సులు మారి పోవాల. అత్తగారి ఊరు మన రాయదుర్గం పక్కే. పెండ్లయి మూడేండ్లయినా నెల తప్పలేదని అత్త ఓబక్క మొక్కని దేవుడు లేడు అనుకో. చెప్తా, చెప్తా, మీరు చేతులు ఆపొద్దండి, చెనక్కాయలు ఒలస్తానే వినండి. ఆ బీరప్ప ఏం చేస్తాడంటే, దసరా పోతానే మందను తోలుకోని తూర్పున వరిమళ్ళ సీమకు పోతాడు. ఆడ రైతులు ఎరువు కోసం మళ్ళల్లో మంద కట్టించుకుంటారు గదా. అన్నాదమ్ములిద్దరూ పోతే మళ్ళా ఉగాది పోయిన వారానికే ఇంటికి రావడం. నడుమ ఇంటి మొగం చూసేది లేదు. ఆ యేడు గూడా అట్లే ఉగాది పోయిన వారానికి మంద ఊర్లోకి వచ్చె. వచ్చిన నెలలోనే సాకమ్మ నెల తప్పె. ఓబక్క సంతోషం చెప్పనలవి కాదంట. కోడలికి ఎండు కొబ్బరి, బెల్లం, అడక్కముందే వెన్న. కోడలు బిందె ఎత్తబోతే తానే పోయి లాక్కునేదంట.

ఇంతవరకు బాగుండె. ఏమైందంటే, వినాయక చవితికి ముందర సాకమ్మ వాళ్ళమ్మ మాళమ్మ వచ్చె. పచ్చ గాజులు, చీర, పూలు, చక్కిలాలు తట్టకెత్తుకోని వచ్చె. వస్తానే అరుగు మీద కూర్చోని, వదినా, నా బిడ్డకు ఏడో నెల పడింది, గాజులు తొడిగిస్తాము అనె. ఏడో నెల ఏంది వదినా, నాలుగు నిండి ఐదోది నడస్తా ఉంది అనె ఓబక్క. కాదు ఏడు, కాదు నాలుగు. ఏడు, నాలుగు. ఇద్దరూ చేతి ఏళ్ళు మడిచేది, విప్పేది. నడుమ సాకమ్మ గోడకు ఆనుకోని కూర్చోని ఉంది. ఆ పిల్లను అడిగినోళ్ళు ఎవరన్నా ఉన్నారా? లేరు.

ఇప్పుడు మీరు గూడా ఏళ్ళు మడుస్తారని నాకు తెలుసు, అందుకే చెప్తాండా. ఓబక్క వాళ్ళల్లో లెక్క ఎట్లంటే, నెలనెలా ముట్టయి తలకు పోసుకోవాల్సిన దినం పోసుకోకపోతే ఆ దినం నుంచి మొదులు. అదీ నెల నిండితేనే ఒకటి. నిండందే అది లెక్కలోకి రాదు. మాళమ్మ వాళ్ళ పక్క అట్ల కాదు. ఆఖరుసారి తలకు పోసుకునింది ఏ నెలలోనో, ఆ నెలే ఒకటి. అమావాస్య దాటితే రెండు. సాకమ్మ ఆఖరుసారి పోసుకునింది ఎప్పుడు? ఉగాది ముందర వచ్చే అమావాస్యకు నాలుగు దినాలుండంగ. ఆ నాలుగు దినాలూ మాళమ్మకు ఒక నెల. అర్థమయిందా? కాకపోతే పోనీ, వాళ్ళకూ కాలేదు. ఒకే కడుపు, ఆ పక్క నుంచి చూస్తే ఏడు, ఈ పక్క నుంచి చూస్తే నాలుగు, అంతే.

అంతటితో పోయిండేదే. గాజులు ఒక నెల ముందు తొడిగితే ఏం, వెనక తొడిగితే ఏం. అయితే మాళమ్మ గొంతు పెద్దది. కొళాయి కాడ ఉన్నోళ్ళకు ఏడో నెల అనే మాట వినబడె. వాళ్ళు ఊరకుంటారా? ఒకతి ఏళ్ళు మడిచె, ఇంకొకతి విప్పె. బీరప్ప మంద తోలుకోని వచ్చి ఇంగా ఐదు నెల్లు నిండలే గదమే, ఏడో నెల ఎట్లవుతుంది అని ఒకతి మెల్లంగ అనె. అంతే. మెల్లంగ అన్న మాట ఊరంతా తిరిగి సాయంత్రానికి ఓబక్క చెవిలో పడె. పొద్దున వెన్న పెట్టిన చెయ్యే అది, రాత్రి సంగటి తట్టను కోడలి ముందుకు నెట్టి, మొగం తిప్పుకోని పోయె. సాకమ్మ వెనకాల్నే పోయి, అత్తా, నీ లెక్క ప్రకారం నాలుగే గదా, నీ లెక్క మీద నీకు నమ్మకం లేదా అంటే, మీయమ్మే చెప్తా ఉంది గదా ఏడని, కన్నతల్లికి తెలీదా అనెనంట. చూడండి, పొద్దున మాళమ్మకు ఏమీ తెలీదు, సాయంత్రానికి అన్నీ తెలుసు.

సరే, ఆస్పత్రిలో అడుగుదామని మామ కరియన్న అనె. ఆయన నిదానస్తుడు, మాటకు ముందర ఆకూవక్కా నమిలే మనిషి. టౌనుకు పిలుచుకోని పోయిరి. డాక్టరమ్మ కడుపు చూసె, సాకమ్మను ఏదో అడిగె, బిడ్డ బాగుంది, ఇరవై రెండు వారాలు అనె. వారాలేంది తల్లీ, నెల్లు చెప్పు అని ఓబక్క అడిగితే, వారాల్లోనే చెప్తామమ్మా అని ఇంకో ఆమెను లోపలికి పిలిచె. వెనక అంత మంది వరసలో ఉంటే ఆయమ్మ మాత్రం ఏం చేస్తుంది. బస్సులో కూర్చోని ఓబక్క నాలుగేసి వారాలు ఒక నెల కింద కట్టుకుంటా వచ్చె. ఊరు చేరేలోగా ఐదున్నర తేలె. బీరప్ప వచ్చింది ఐదు నెల్ల లోపల. అర్ధ నెల యాడికి పోయె? ఇంగ ఓబక్క కండ్లనీళ్ళు పెట్టుకునె. నిజానికి డాక్టరమ్మ గూడా ఆఖరుసారి తలకు పోసుకున్న దినం నుంచే లెక్కపెడుతుంది. కడుపు నిలిచేది ఆ తర్వాత ఎప్పుడో. ఆ దినానికి మొగుడు పక్కనే ఉండాలని యాడుంది? ఈ ముక్క సాకమ్మ బస్సులో చెప్పింది. ఇంట్లో చెప్పింది. వాకిట్లో నిలబడి చెప్పింది. చెప్పి చెప్పి ఆ పిల్ల గొంతు ఎండిపోయింది గాని ఎవరికీ చెవికెక్కలేదు. లెక్క రానోళ్ళకు ఒకసారి అనుమానం పట్టిందంటే ఇంగ అంతే.

మరి బీరప్ప ఏం చేస్తాండాడు అని అడగండి. అడగరు మీరు. ఏమీ చేయలేదు. గొర్లకు నీళ్ళు పెడతాండాడు. అమ్మ ఏడిస్తే అమ్మ పక్క చూసె, పెండ్లాము మాట్లాడితే పెండ్లాము పక్క చూసె. కాదని చెప్పలేదు, అవునని చెప్పలేదు.

ఇంగ పంచాయితీ. కులపెద్ద ఈరన్న ఇంటి ముందర గొర్ల దొడ్డి కాడ పదిమందీ కూర్చునిరి. మాళమ్మ గూడా వచ్చె. పాపం, తన నోటి నుంచే ఇదంతా లేచిందని ఆయమ్మ మొగం చిన్నబోయి ఉండె. ఈరన్న గొంతు సవరించుకోని, మే సాకమ్మా, ఆఖరుసారి ఎప్పుడు పోసుకుంటివి అని అడిగె. అంతమంది మొగోళ్ళ ముందర! సాకమ్మకు ఒళ్ళు మండిపోయె. అయినా నిదానంగా చెప్పె. చెప్పినాక మళ్ళా అందరూ ఏళ్ళు మడవడం మొదలుపెట్టిరి. ఒకాయన ఐదంటాడు, ఒకాయన ఆరంటాడు. అధిక మాసం వచ్చిందా రాలేదా అని ఇద్దరు ముసిలోళ్ళు కొట్లాట పెట్టుకునిరి. ఆ కొట్లాటలో సాకమ్మ లేచి నిలబడె.

"అత్తా, నీ పెద్దకొడుక్కి ఎన్నేండ్లు?" అనె.

ఇదేం ప్రశ్న అని ఓబక్క విసుక్కుంటానే, ఇరవై ఆరు అని చెప్పె. సాకమ్మ మామ పక్క తిరిగి, మామా, నువ్వు చెప్పు అనె. కరియన్న ఆకు నమిలేది ఆపి, ఇరవై నాలుగు అనె. ఓబక్క గయ్యిమనె, కన్నది నేనా నువ్వా, కడుపులో మోసిన యేడు ఎవరు లెక్కబెడతారు అనె. మోసిన యేడు గూడా వయసేనా అని కరియన్న. అది ఒకటి, నడిచే యేడు ఒకటి, కలిపితే ఇరవై ఆరు కాదా అని ఓబక్క. నిండనిదాన్ని ఎట్ల కలుపుతావు, నిండింది ఇరవై నాలుగే అని కరియన్న. ఇరవై నాలుగేండ్లుగా ఈ మాట వాళ్ళ మధ్య రాలేదంటే చూడండి. ఇద్దరూ దొడ్డి కాడే మొదలుపెట్టిరి.

సాకమ్మ వాళ్ళను కొంచేపు కొట్లాడనిచ్చి, "ఒకే బిడ్డను ఇద్దరూ కంటిరి. ఒకరికి రెండేండ్లు ఎక్కువొచ్చినాయి. ఆ రెండేండ్లు నువ్వు యాడ ఉంటివి అని నిన్ను ఎవరన్నా పంచాయితీకి పిలిచినారా అత్తా?" అనె.

యాడో ఒకాయన కిసుక్కుమని నవ్వె, ఇంగ అందరూ నవ్విరి. ఈరన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకోని, లేయండప్పా, గొర్లు నీళ్ళకు అరుస్తాండాయి అనె. అదే తీర్పు. ఓబక్క కోడలి చెయ్యి పట్టుకోబోయె. సాకమ్మ చెయ్యి ఇయ్యలేదు. మొగుని పక్క చూసె. అంతసేపూ ఎదురుచూసింది గూడా అతని మాట కోసమే అనుకో. అతను కింద మట్టిలో కట్టెతో గీతలు గీస్తాండె. సాకమ్మే వాళ్ళమ్మ తట్టను ఎత్తుకోని, పదమ్మా అని ఆ సాయంత్రం బస్సుకే పుట్టింటికి పోయె.

దసరా వచ్చె, బీరప్ప మందతో తూర్పుకు పోయె. చలి ముదిరిన దినాల్లో సాకమ్మకు ఆడబిడ్డ పుట్టె. కబురు వరిమళ్ళ సీమకు చేరేసరికి బిడ్డకు చూపు నిలిచిందంట. బీరప్ప మందను తమ్ముని చేతిలో పెట్టి వచ్చె. గొర్రెలోడు మంద కట్టే కారు నడుమ మందను విడిచి వచ్చేది చిన్న సంగతి కాదు, మీకు తెలీదు గాని. వచ్చి మాళమ్మ వాకిట్లో కంబళి కప్పుకోని నిలబడె. సాకమ్మ బిడ్డను ఒళ్ళో పెట్టుకోని లోపలే కూర్చునె, రమ్మనలేదు.

"నేను నిన్ను లెక్క అడగలేదు గదా," అనె బీరప్ప.

"అడగలేదు. అడిగేవాళ్ళను వద్దనీ చెప్పలేదు. మందలోకి పొట్టేలును తోలిన దినం నుంచి గొర్రెకు లెక్క పెట్టుకుంటావు. ఏ గొర్రెను దొడ్డి కాడ నిలబెట్టి అడిగితివి? నేను నీకు గొర్రె పాటి గూడా కాకపోతి," అనె సాకమ్మ. గొంతు పెంచలేదు. పెంచింటే అతనికి కొంచెం తేలికయ్యిండేది.

బిడ్డను చూపిస్తావా అని అతను అడిగె. నాకు చెప్పేది ఏమీ వద్దు, ఆడ పదిమందిలో చెప్పు, ఆ పొద్దు బిడ్డను ఎత్తుకుందువు అనె సాకమ్మ. మాళమ్మ, చూపించమ్మే, అంత దూరం నుంచి వచ్చినాడు అంటే, నువ్వు ఊరకుండమ్మా, నీ నోటితోనే అయింది ఇదంతా అనె. అతను అట్లే వెనక్కి తిరిగి పోయె.

మూడో దినానికి ఈరన్న దొడ్డి కాడ మళ్ళా జనం. ఈ తూరి పిలిచింది బీరప్ప. సాకమ్మ గూడా బిడ్డనెత్తుకోని వచ్చి వెనకాల నిలబడి ఉంది. బీరప్ప మాటకారి కాడు. మేకలకూ గొర్లకూ తప్ప ఎవరికీ గట్టిగ చెప్పి ఎరగడు. చేతులు కట్టుకోని, "బిడ్డ నాది. ఆ పొద్దు నేను నోరు తెరిచింటే ఆయమ్మ మీ ముందర నిలబడే పనే లేదు. తప్పు నాది. ఇంగ లెక్క కావాల్సినోళ్ళు నన్ను అడగండి," అనె. సాకమ్మ నడిచి వచ్చి బిడ్డను అతని చేతుల్లో పెట్టె. ఎట్ల పట్టుకోవాలో తెలీక గొర్రెపిల్లను పట్టినట్లు చంకన ఇరికించుకునెనంట. ఓబక్క ఉరికి వచ్చి, తల పట్టుకోరా, తల అని ఏడస్తా, నవ్వుతా, కోడలి గడ్డం పట్టుకునె. సాకమ్మ ఈసారి చెయ్యి తోసెయ్యలేదు. మాట్లాడింది మాత్రం ఉగాది దాటినాకే.

ఇంతేనమ్మా కథ. ఏం మే, ఏమంటివి? ఇది జరిగి ఎన్నేండ్లయిందా? ఇంతసేపు నోరు నొప్పి పుట్టేట్లు నేను చెప్పింది ఎవరికే? చేట ఇట్లియ్యి, నువ్వు ఒలిచింది పిడికెడు గూడా లేదు.